ఉండి రోడ్డు మీద ఎర్ర కారు

2004లో స్కోడా కంపెనీ మన దేశంలో ఆక్టేవియా ఆరెస్ అనే కారును అమ్మకానికి పెట్టింది. పైకి చూస్తే పెళ్లికొడుకును ఊరేగించడానికి పనికొచ్చే పెద్దమనిషి తరహా కారు. బానెట్ ఎత్తితే వేరే సంగతి. 1.8 లీటర్ల పెట్రోలు ఇంజను, సిలిండరుకు అయిదు చొప్పున 20 వాల్వులు, దానికి టర్బో, 150 గుర్రాల శక్తి. మారుతీలు, శాంత్రోలు, ఇండికాలు తిరిగే రోజుల్లో అది మామూలు బలం కాదు. దాని అన్న వరస కారొకటి 2001లో కెన్యా సఫారీ ర్యాలీలో మూడో స్థానంలో నిలిచింది. కొత్తగా కొన్నవాళ్లు తక్కువ, కొన్నవాళ్లు ఎక్కువగా నగరాల వాళ్లు. గోదావరి డెల్టాకు అవి వచ్చింది సెకండ్ హ్యాండ్‌లోనే, అదీ రొయ్యల డబ్బు మీద.

ఆ డబ్బు ఎలా వచ్చిందో చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. తొంభైలలో టైగర్ రొయ్య వైట్ స్పాట్ తెగులుతో పోయాక చాలా చెరువులు చేపలకు మళ్లాయి. 2009లో కేంద్రం వనామీ రొయ్యకు అనుమతి ఇచ్చింది. మూడు నాలుగేళ్లలో భీమవరం చుట్టుపక్కల వరి చేలు ఒకదాని వెనక ఒకటి చెరువులయ్యాయి. 2013లో థాయిలాండ్‌లో రొయ్యలు తెగులుతో చచ్చిపోతే మన రొయ్యకు రేటు పలికింది. ఆ సంవత్సరాల్లో ఒక పట్టుబడికి ఇల్లు లేచింది, రెండో పట్టుబడికి కారు వచ్చింది. మా పెదనాన్న కొడుకు, మేమంతా అన్నయ్య అని పిలిచే మనిషి, అదే వరసలో హైదరాబాదు నుంచి 2005 మోడల్ ఎర్ర ఆరెస్ తెచ్చుకున్నాడు. ఏపీ 09 నంబరు. నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులు, వెనక డిక్కీ మీద చిన్న ఆరెస్ గుర్తు. అంతకుమించి ఆర్భాటమేమీ లేదు.

టర్బో అంటే ఏంటని మా నాన్న అడిగితే అన్నయ్య చెరువు గట్టు మీద నిలబడే చెప్పాడు. "బాబాయ్, చెరువులో ఏరేటరు ఎందుకు తిప్పుతాం? నీళ్లు తమంతట తాము పీల్చుకునే గాలి చాలదు కాబట్టే కదా. గాలిని లోపలికి కొడితే అదే చెరువులో రెట్టింపు రొయ్య పెంచొచ్చు. ఇంజనుక్కూడా అంతే." ఇంతకన్నా తేటగా ఆ సంగతి ఎవరూ చెప్పగా నేను వినలేదు. సైలెన్సరులోంచి పోయే పొగే ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో చివరనున్న చక్రం బయటి గాలిని నొక్కిపెట్టి సిలిండర్లలోకి తోస్తుంది. వృథాగా పోయే పొగతో పని చేయించుకునే ఈ ఉపాయానికి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. దాన్ని కాపాడేది వెంట్రుక మందం కూడా లేని ఆయిల్ పొర ఒక్కటే. అందుకే వేగంగా వచ్చి ఆగిన కారును వెంటనే ఆపేయకూడదు. ఓ నిమిషం ఇంజనును మెల్లగా తిరగనివ్వాలి, టర్బో చల్లబడాలి.

మొదట్లో అన్నయ్య ఈ నియమం తు.చ. తప్పకుండా పాటించాడు. ఇంటి ముందు కారు ఆగితే వదిన కాఫీ కలిపి తెచ్చేదాకా ఇంజను మెల్లగా తిరుగుతూనే ఉండేది. ఫుల్ సింథటిక్ ఆయిల్ భీమవరంలో దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పించేవాడు. మా చెరువుల మీద డీజిల్ ఇంజన్లు బాగుచేసే మేస్త్రి ఒకాయన ఉండేవాడు. ఇంగ్లీషు చదవడం రాకపోయినా చేతివేళ్లతో బోల్టు బిగువు చెప్పగల మనిషి. అన్నయ్య ఆయన్నే కూర్చోబెట్టి, ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మలు చూపించి, ఆరెస్ ఇంజను నేర్పించాడు. స్పార్కు ప్లగ్గులు, కాయిల్స్, గాలి లీకయ్యే రబ్బరు గొట్టాలు ఒక్కొక్కటే ఇద్దరూ కలిసి మార్చారు.

ఆ కారు పరుగు చూడాలంటే సంక్రాంతికి చూడాలి. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి కోట్ల రూపాయల కార్లు వచ్చి పందేల బరుల పక్కన వరసలు కట్టే రోజులవి. అయినా పేరుపాలెం బీచికి వెళ్లే రోడ్డు మీద ఎర్ర ఆరెస్ కనిపిస్తే కుర్రాళ్లు పక్కకు తప్పుకుని చూసేవాళ్లు. మూడో గేరులో 2,000 చుట్లు దాటాక వెనకనుంచి ఎవరో రెండు చేతులతో తోసినట్టు ఉండేది. 2015 పుష్కరాలప్పుడు కొవ్వూరు దగ్గర గోదావరి మీద నాలుగో వంతెన కొత్తగా తెరిచారు. తెల్లవారకముందే మమ్మల్ని ఎక్కించుకుని దాని మీదుగా రాజమండ్రి తీసుకెళ్లాడు. అద్దాలు దించి టర్బో ఈల వినిపించాడు. ఆ ఉదయం అన్నయ్య ముఖంలో ఉన్న సంతోషం మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

అప్పటికే హంగులు మొదలయ్యాయి. బెంగుళూరు వెళ్లి ఇంజను కంప్యూటరులో మ్యాపు మార్పించాడు. 150 గుర్రాలు 190 దరిదాపులకు వెళ్లాయి. ఆ మ్యాపుకు 95 ఆక్టేన్ పైబడ్డ పెట్రోలు కావాలి, మన బంకుల్లో మామూలుగా దొరికేది 91. నాసిరకం పెట్రోలుతో అంత ఒత్తిడి పెడితే మంట వేళ కాని వేళ అంటుకుని పిస్టన్ల మీద సుత్తితో కొట్టినట్టు మోగుతుంది. తర్వాత పెద్ద సైలెన్సరు వచ్చింది, తర్వాత పెద్ద చక్రాలు, ఆ తర్వాత కారును కిందికి దించే స్ప్రింగులు. కిందికి దిగిన కారు కాలవ గట్టు రోడ్ల మీద, చెరువు గట్ల మీద పొట్ట రాసుకుంటూ నడిచింది. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఒకటుంది, కంపెనీ చేసిన రూపాన్ని మార్చకూడదని. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. చట్టం సంగతి అలా ఉంచుదాం. నన్ను బాధపెట్టేది ఖర్చు పోయిన దారి. కనబడే వాటికి, వినబడే వాటికి డబ్బు ఉంది. కనబడనిది ఒకటి లోపల మూత కింద పాతబడుతోంది.

అది టైమింగ్ బెల్టు. అంగుళం వెడల్పు కూడా ఉండీ లేని పళ్ల రబ్బరు పట్టీ. కింద క్రాంకును, పైన క్యామును లయ తప్పకుండా కలిపి తిప్పుతుంది. కిలోమీటర్లు తిరిగినా తిరగకపోయినా ఐదారేళ్లకోసారి మార్చి తీరాలి. మార్చేటప్పుడు టెన్షనరు, వాటర్ పంపు కూడా వేయించాలి. ఆ ఇంజనులో ఆ పని సులువు కాదు. ఇంజను అడుగున జాకీ పెట్టి, కుడివైపు మౌంటు ఊడదీస్తేగాని చెయ్యి దూరదు. మేస్త్రి రెండుసార్లు అడగడం నాకు తెలుసు. "బెల్టు పని చూసేద్దామండీ, ఎప్పుడేశారో రాసి లేదు కదండీ" అన్నాడు. "ఈ పట్టుబడి అయిపోనివ్వండి మేస్త్రి గారూ" అన్నాడు అన్నయ్య. పట్టుబడి అయ్యింది. రేటు పడింది. 100 కౌంటుకే అమ్మేసి మేత అప్పు కట్టాల్సి వచ్చింది. అంటే కిలోకు వంద తూగే పిల్ల రొయ్య. తర్వాత పంట వైట్ స్పాట్‌తో నలభయ్యో రోజునే పోయింది. చెరువు లీజు, సీడు, కరెంటు, వడ్డీ. ఆ వరసలో కారు బెల్టు ఎక్కడో చివరకు జరిగింది. సింథటిక్ ఆయిల్ మానేసి ట్రాక్టరుకు పోసే ఆయిలే పోయడం మొదలైంది. ఇంటి ముందు ఆగాక ఇంజనును తిరగనిచ్చే ఓపిక కూడా ఎవరికీ మిగల్లేదు.

2018 ఏప్రిల్. అన్నయ్య చెరువులు ఉండి ఊరు దాటి ఆకివీడు వైపు. రొయ్య 40 కౌంటుకు వచ్చింది, ఇంకో రెండు వారాల్లో పట్టేయొచ్చు. చేజారిన రెండు పంటల అప్పూ దాంతో తీరిపోతుందని లెక్క. వేసవి రాత్రుల్లో చెరువుకు గండం తెల్లవారుజామునే. పగలంతా నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక అది కూడా పీల్చుకునే జాబితాలో చేరుతుంది. మూడు గంటల నుంచి సూర్యుడు వచ్చేదాకా ఏరేటర్లు ఆగకూడదు. ఆ రాత్రి రెండున్నర దాటాక కరెంటు పోయింది. జనరేటరు తిరిగింది, కాసేపటికే దగ్గి ఆగింది. డ్రమ్ములో డీజిల్ అడుగంటింది.

అన్నయ్య క్యాన్లు వెనక సీట్లో పడేసి, ఉండి వైపు కారు తీశాడు. అలాంటి వేళ కోసమే ఆ కారు ఉన్నదని ఆయన నమ్మకం. నిజమే, అంతకుముందు చాలాసార్లు ఆదుకుంది కూడా. కాలవ పక్క రోడ్డు మీద నాలుగో గేరులో ఉండగా ఏ చప్పుడూ లేకుండా ఇంజను ఆగిపోయింది. స్టీరింగు బరువెక్కింది. పక్కకు తీసి సెల్ఫ్ కొట్టాడు. రోజూ మూలిగి అంటుకునే ఇంజను ఆ పూట అడ్డూ ఆపూ లేకుండా గిర్రున, తేలిగ్గా, ఉత్త కుట్టుమిషను తిరిగినట్టు తిరిగింది. ఆ తేలికే చావు గుర్తు. బెల్టు తెగితే క్యాము ఆగిపోతుంది. తెరుచుకున్న వాల్వులు తెరుచుకున్నట్టే ఉంటాయి. కింద నుంచి పిస్టన్లు వచ్చి వాటిని గుద్దుతాయి. నొక్కిపెట్టడానికి సిలిండరులో గాలి నిలవదు, అందుకే సెల్ఫ్‌కు బరువు తగలదు. తెలియక మళ్లీ మళ్లీ కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ మిగిలినవి కూడా వంగి ఉంటాయి.

పాల వ్యాను ఒకటి ఎక్కించుకుని బంకు దాకా తీసుకెళ్లింది. డీజిల్ క్యాన్లతో ఆటోలో తిరిగి వచ్చేసరికి తూరుపు తెల్లబడింది. గట్ల వెంట రొయ్యలు పైకి తేలి ఉన్నాయి. కాపలా కుర్రాడు మోకాలి లోతు నీళ్లలో నిలబడి వెదురు కర్రతో నీళ్లు కొడుతున్నాడు, చెయ్యి ఆడించినంత మేరైనా గాలి కలుస్తుందేమోనని. రెండు చెరువుల్లో ఒకటి మిగిలింది. రెండోది ఎండెక్కకముందే ఎర్రబారి వాసన మొదలైంది.

మేస్త్రి హెడ్డు దింపి చూశాడు. 20 వాల్వుల్లో సగానికి పైగా వంగాయి, రెండు పిస్టన్ల తలల మీద నెలవంకల్లా గాట్లు. అప్పటికి కొత్త హెడ్డు ధర కారు ధరకు దగ్గర్లో ఉంది. ఆటోనగర్లో పాత ఇంజను దొరుకుతుందని ఎవరో చెప్పారు, చూద్దామన్నాడు అన్నయ్య. కారును చెరువు దగ్గర షెడ్డులోకి తోయించాడు. హెడ్డు గోనెసంచిలో చుట్టి వెనక సీటు మీద పెట్టారు.

తర్వాతి సంవత్సరాల్లో ఆ కారుకు జరిగినది ఎవరూ చేసింది కాదు, ఎవరూ ఆపిందీ కాదు. ఉప్పు నీటి చెరువుల గాలి రంగు కింద చేరి ముందు వీల్ ఆర్చులను, తర్వాత ఫ్లోరును తినేసింది. ఎలుకలు వైరింగు కొరికాయి. 2020లో రిజిస్ట్రేషనుకు పదిహేనేళ్లు నిండాయి. కోవిడ్ రోజులు, ఎవరికీ గుర్తు లేదు. గుర్తొచ్చేసరికి 2022 ఏప్రిల్ వచ్చింది, కార్ల రిజిస్ట్రేషను రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000కు పెరిగింది. నడవని కారుకు ఫీజు ఎవరు కడతారు? ఇంకోవైపు ఆ పేరుతో కొత్త కార్లు వస్తూనే ఉన్నాయి. 2017లో 230 గుర్రాలతో, 2020లో 245తో. 2025లో విదేశం నుంచి తెచ్చిన వంద కార్లు, ఒక్కొక్కటి దాదాపు యాభై లక్షలు. అవి కొన్నవాళ్లకు ఉండి రోడ్డు మీద ఒక ఆరెస్ ఏమయిందో తెలియదు.

అదే 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. రొయ్య రేటు ఒక్క వారంలో దిగజారింది. అన్నయ్య చివరి చెరువు లీజు వదులుకున్నాడు. గట్టు ఖాళీ చేయాలి కాబట్టి షెడ్డూ ఖాళీ చేయాలి. పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి కారు చుట్టూ తిరిగి తూకం లెక్కన ధర చెప్పారు. ఆయన బేరమాడలేదు. కాకపోతే గేరుబాక్సు, టర్బో, ముందు సీట్లు విప్పి పక్కన పెట్టించాడు, అవి బాగున్నాయి కాబట్టి. ఛాసిస్ నంబరు ఉన్న రేకు ముక్క కోయించి, ఆర్సీతో కలిపి భీమవరం రవాణా ఆఫీసులో ఇచ్చి వచ్చాడు.

ఆ గేరుబాక్సు కోసం హైదరాబాదు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. అతని దగ్గరా 2005 ఆరెస్సే ఉందట, నల్లది, ఈ మధ్యే కొన్నాడట. మ్యాపు మార్పించాలని, సైలెన్సరు పెద్దది వేయించాలని ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాడు. అన్నయ్య ధర మాట ఎత్తలేదు.

"బెల్టు ఎప్పుడు మార్చారండీ?" అని అడిగాడు.

అమ్మినవాళ్లు చెప్పలేదన్నాడు ఆ కుర్రాడు.

"ముందు అది మార్పించండి బాబూ. మార్చిన బిల్లు ఫోటో పంపండి. గేరుబాక్సు ఆ రోజే లారీకి ఎక్కిస్తాను."

పది రోజులకు బిల్లు వచ్చింది. టెన్షనరు, వాటర్ పంపు కూడా రాసి ఉన్నాయి. అన్నయ్య అవి రెండూ ఉన్నాయో లేదో కళ్లద్దాలు పెట్టుకుని చూసుకుని, మేస్త్రిని పిలిచి గేరుబాక్సుకు పెట్టె కట్టమన్నాడు.