పాఠశాలలు – తుపాకులు – ప్రజాభిప్రాయము

2022వ సంవత్సరము మే 24వ తేదీ కోనసీమవాసులకు మరపురానిది. జిల్లాకు అంబేద్కరుగారి పేరు చేర్చుటను వ్యతిరేకించుచు ఆనాడు అమలాపురములో చెలరేగిన గుంపులు ఒక మంత్రి ఇంటికిని, ఒక శాసనసభ్యుని ఇంటికిని నిప్పుపెట్టినవి. మనకు ఆ రాత్రివేళ, అమెరికాలో పట్టపగలు, టెక్సాసు రాష్ట్రమందలి ఉవాల్డే అను చిన్న పట్టణమున పదునెనిమిదేండ్ల యువకుడొకడు ప్రాథమిక పాఠశాలలో జొరబడి 19 మంది పిల్లలను, ఇద్దరు ఉపాధ్యాయినులను కాల్చి చంపెను. ఆ వార్త మనకు చేరునప్పటికి ఇక్కడ సెల్‌ఫోనులకు ఇంటర్నెట్ నిలిపివేసిరి. రాజోలులోను, కొత్తపేటలోను మనుమలు అమెరికా బడులలో చదువుచున్న ఇండ్లు అరుదు కావు. ఆ పసివారి ముఖములు తెరపై చూచుకొను వీలులేక ఎందరు తాతలు, ఎందరు మామ్మలు ఆ దినములలో తల్లడిల్లిరో ఊహింపవచ్చును.

అమలాపురపు గుంపుల చేతులలో నాడు కనబడినవి రాళ్లు, నిప్పు. తుపాకులు కావు. దీనికి కారణము మన సౌమ్యతయని చెప్పుకొనుట మాకు నచ్చదు. ఆ సౌమ్యత ఎంతటిదో ఆ సాయంకాలమే చూచితిమి. కారణము చట్టము.

ఆ చట్టము పుట్టుక మాత్రము మంచిది కాదు. 1878లో లిట్టను ప్రభువు కాలమున చేసిన ఆయుధముల చట్టము భారతీయులను నిరాయుధులను చేయుటకే ఏర్పడినది. మనవారికి లైసెన్సు, తెల్లవారికి మినహాయింపు! గాంధీజీ మొదలుగా పెద్దలెందరో దానిని నిరసించిరి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు మన్యమున చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడిచేసినది తుపాకులకొరకే. 1931లో కరాచీ కాంగ్రెసు నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును తన తీర్మానమున చేర్చెను. అయినను స్వతంత్రభారతము ఆ హక్కును రాజ్యాంగమున చేర్చలేదు. 1959లో క్రొత్త చట్టము చేసి, 1962 అక్టోబరు 1 నుండి అమలుపరచెను. నేటి నియమము ప్రకారము 21 ఏండ్లు నిండనివానికి సామాన్యముగా లైసెన్సు లేదు; నిండినవాని విషయమునను పోలీసువారి నివేదిక కావలెను. ఉవాల్డే యువకుడో, పదునెనిమిదేండ్లు నిండిన కొలదిదినములకే రైఫిళ్లు కొనెను. అచటి చట్టము అడ్డు చెప్పలేదు.

స్కాట్లండులోని డన్‌బ్లేను అమలాపురముకన్న ఎంతో చిన్న ఊరు. 1996 మార్చి 13వ తేదీ ఉదయమున ఒకడు నాలుగు చేతితుపాకులతో అచటి ప్రాథమిక పాఠశాల వ్యాయామశాలలో ప్రవేశించి, అయిదారేండ్ల పసివారిని 16 మందిని, వారి ఉపాధ్యాయినిని చంపి, తానును కాల్చుకొనెను. ఆ తుపాకులకు లైసెన్సు కలదు. వాని లైసెన్సును రద్దుచేయవలెనని 1991లోనే ఒక పోలీసు ఉద్యోగి పైవారికి వ్రాసెను. ఆ కాగితముపై చర్య లేకపోయెను. కాగితములు కదలని కార్యాలయములు మన దేశముననే కలవని తలచువారు ఈ సంగతి గుర్తుంచుకొందురుగాక!

తరువాత జరిగినది మిక్కిలి గమనింపదగినది. ఆ ప్రాంతపు తల్లులు కొందరు చేతితుపాకులను నిషేధింపుమని విజ్ఞాపనపత్రము సిద్ధముచేసి, మార్చిలో ఆ చలిదేశమున తలయెత్తు స్నోడ్రాప్ అను తెల్లని చిన్నపూవు పేరు దానికి పెట్టిరి. ఏడు లక్షలకు పైగా చేవ్రాళ్లు చేరినవి. విచారణ జరిపిన న్యాయమూర్తి లార్డు కల్లెన్ పూర్తి నిషేధమును సూచింపలేదు. ప్రజాభిప్రాయము ఆయనను దాటిపోయెను. 1997లో ఒక ప్రభుత్వము పెద్ద చేతితుపాకులను, అదే యేట ఎన్నికలలో నెగ్గిన మరియొక ప్రభుత్వము చిన్నవానిని నిషేధించినవి. గురిపోటీల క్రీడాకారులు అభ్యంతరము చెప్పిరి. వారి నష్టము నిజమైనదే. అభ్యాసమునకు పరదేశములకు పోవలసివచ్చెను. ఆ పిదప బ్రిటనులో బడిలో అట్టి హత్యాకాండ మరల జరుగలేదు.

అమెరికా ప్రజల శోకము తక్కువది కాదు. 2012 డిసెంబరు 14న శాండీహుక్ పాఠశాలలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు హతులైరి. తుపాకి కొనువారి పూర్వచరిత్రను ఇంకను విస్తృతముగా పరిశీలించు ప్రతిపాదనకు 2013 ఏప్రిలులో సెనేటున 54 ఓట్లు వచ్చినవి. 60 కావలెను గనుక వీగిపోయెను. శాండీహుక్ ఘోరము జరిగిన దినముననే చైనాలోని హెనాన్ రాష్ట్రమున ఒకడు బడియొద్ద కత్తితో ఇరువదిమందికి పైగా పిల్లలను గాయపరచెను. ఒక్కరును మరణింపలేదు.

చట్టమొక్కటే చాలునని మేమనము. 2007 డిసెంబరులో ఢిల్లీ చెంతనున్న గుర్‌గావ్‌లో ఇద్దరు విద్యార్థులు, వారిలో ఒకని తండ్రి పిస్తోలును ఇంటినుండి తెచ్చి, తోటి బాలుని చంపిరి. 2012 ఫిబ్రవరిలో చెన్నైలో ఒక బాలుడు తరగతిగదిలోనే ఉపాధ్యాయినిని కత్తితో పొడిచి చంపెను. 1999 నాటి కొలంబైన్ దుర్ఘటన తరువాత అమెరికా సీక్రెట్ సర్వీసువారును, విద్యాశాఖవారును ఇట్టి 37 ఘటనలను పరిశీలించి 2002లో నివేదిక వెలువరించిరి. కాల్పులు జరిపినవారిలో మూడింట రెండు వంతులమంది తుపాకిని తమ ఇంటినుండియో, బంధువుల ఇంటినుండియో తెచ్చుకొన్నవారే. నూటికి 81 ఘటనలలో ఆ దురాలోచన ముందుగానే ఇంకొకరికి తెలిసియుండెను. తెలిసినవారు స్నేహితులు, తోటివిద్యార్థులు, తోబుట్టువులు. పెద్దల చెవికి చేరుట మిక్కిలి అరుదు. చాడీలు చెప్పరాదని మనము పిల్లలకు నేర్పుదుము. తోటివాని సంచిలో కత్తి చూచితినని చెప్పవచ్చిన బిడ్డకును మన బడులలో ఆ కసురే ఎదురగుచున్నదేమో, సాయంకాలము ఇల్లు చేరిన పిల్లలనే అడిగి చూడవలెను.