సీసా పుట్టిన దగ్గర్నుంచి గిట్టే దాకా: ఒక లెక్క చరిత్ర

స్వర్ణోత్సవం నాటి మధ్యాహ్న భోజనాల్లో మంచినీళ్లు దేంట్లో ఇవ్వాలన్న విషయం మీద మన కమిటీలో గంటసేపు వాదన జరిగింది. కుర్ర బ్యాచ్‌ల వాళ్లు చిన్న ప్లాస్టిక్ బాటిళ్లు చాలన్నారు. కొందరు పేపర్ గ్లాసులన్నారు. మా పాత బ్యాచ్ వాళ్లు స్టీలు గ్లాసులే అని పట్టుబట్టారు. ముప్పై రెండేళ్లు ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి కార్యదర్శి గారు నా వైపు తిరిగి, "మీరే చెప్పండి, పర్యావరణానికి ఏది మంచిది?" అన్నారు. నేను నీళ్లు నమిలాను. చూడ్డానికి చిన్న ప్రశ్నే గాని, దాని వెనక యాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. సరే, అదే సంచికకు రాసివ్వండి అన్నారు.

మన బడి గేటు పక్కన గోళీసోడా బండి అందరికీ గుర్తుండే ఉంటుంది. బొటనవేలితో గోళీని లోపలికి నొక్కితే కీచుమని వచ్చే చప్పుడు మా తరగతి గదిలోకి కూడా వినిపించేది. సోడా తాగి సీసా అక్కడే ఇచ్చేసి రావాలి, ఇంటికి పట్టుకెళ్తానంటే తాత ఊరుకునేవాడు కాదు. ఆ సీసాను కనిపెట్టింది హైరమ్ కాడ్ అనే ఇంగ్లండు ఇంజనీరు. 1872లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన దేశంలో అది ఎప్పుడో మాయమైంది, మన ఊళ్లలో మాత్రం నిన్నమొన్నటి దాకా తిరిగింది. ఒక్కో సీసా ఎన్ని వందల నోళ్లు తడిపిందో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ లెక్క పెట్టాల్సిన అవసరం మొదట అమెరికాలో వచ్చింది.

అక్కడా ఒకప్పుడు పానీయాలన్నీ తిరిగిచ్చే గాజు సీసాల్లోనే వచ్చేవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తాగి పారేసే డబ్బాలు, సీసాలు పెరిగాయి. రోడ్ల పక్కన చెత్త పేరుకుంది. వెర్మాంట్ రాష్ట్రం 1953లోనే పారేసే సీసాల మీద నిషేధం పెట్టి చూసింది గాని, అది నాలుగేళ్లు మించి నిలవలేదు. 1969లో క్లీవ్‌లాండ్ దగ్గర కయహోగా నది మీద తేలే నూనె, చెత్త అంటుకుని నదే మండింది. మరుసటి ఏడు మొదటి ధరిత్రీ దినం. 1971లో ఓరెగాన్ రాష్ట్రం ఖాళీ సీసా తిరిగిస్తే ఐదు సెంట్లు వెనక్కి ఇచ్చే చట్టం చేసింది. పానీయాల కంపెనీలకు ఇవన్నీ తలనొప్పి అయ్యాయి.

సరిగ్గా ఆ 1969లోనే కోకాకోలా కంపెనీలో ప్యాకేజింగ్ వ్యవహారాలు చూసే హ్యారీ టీస్లీ అనే ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. గాజు సీసానా, డబ్బానా, ప్లాస్టిక్కా అన్నది కేవలం ధరతో తేల్చకుండా, ఒక్కోదానికి భూమిలోంచి ఎంత తవ్వాలి, ఎంత ఇంధనం కాల్చాలి, గాల్లోకి నీళ్లలోకి ఎంత వదలాలి అని మొదటి నుంచి చివరిదాకా కూడితే ఎలా ఉంటుంది? ఆ పనిని కాన్సస్ సిటీలోని మిడ్‌వెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు అప్పగించారు. నేడు లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్, తెలుగులో జీవితచక్ర మదింపు అంటున్న విద్యకు ఇదే మొదటి అడుగని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అప్పట్లో దానికి ఆ పేరు లేదు. వనరుల, పర్యావరణ ముఖచిత్ర విశ్లేషణ అన్న అర్థం వచ్చే పొడుగాటి పేరుండేది.

లెక్క పద్ధతి మన బడిలో నేర్చుకున్న కూడికలే. గాజు సీసా తీసుకోండి. మొదట ఇసుక. మన గూడూరు పక్కన చిల్లకూరు, కోట ప్రాంతాల్లో తవ్వే తెల్ల ఇసుక లాంటిది. దానికి సోడా యాష్, సున్నపురాయి కలిపి దాదాపు 1500 డిగ్రీల వేడిలో కరిగించాలి. ఆ కొలిమికి ఇంధనం ఎక్కడిది? ఆ ఇంధనాన్ని తవ్వి, మోసుకురావడానికి ఎంత ఇంధనం పట్టింది? సీసా తయారయ్యాక లారీ. నింపాక మళ్లీ లారీ. తాగాక ఖాళీ సీసాతో వెనక్కి లారీ. వేడినీళ్లు, కాస్టిక్ సోడాతో కడుగుడు. పగిలితే గాజుముక్కలు మళ్లీ కొలిమికి, లేదా చెత్తకుప్పకు. ప్లాస్టిక్ సీసాకైతే కథ చమురుబావి దగ్గర మొదలవుతుంది. ఒక సీసాను ఇంకో సీసాతో పోల్చకూడదు. వెయ్యి లీటర్ల పానీయం జనం నోటిదాకా చేర్చడానికి ఏది ఎంత ఖర్చు పెట్టిందన్నది పోల్చాలి. ఈ చిన్న మెలికే ఈ విద్యకు ప్రాణం.

ఆ మొదటి నివేదికను కంపెనీ పూర్తిగా ఎప్పుడూ ప్రచురించలేదు. ప్లాస్టిక్ సీసా అందరూ అనుకున్నంత చెడ్డది కాదని, గాజుకు తీసిపోదని అందులో తేలిందని మాత్రం తర్వాత చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. డ్యుపాంట్ కంపెనీలో నథానియల్ వైత్ పెట్ సీసాకు పేటెంటు పొందింది 1973లో. ఆ తర్వాత ఏం జరిగిందో ఏ కాలువ గట్టున నిలబడినా కనిపిస్తుంది.

1972లో ఇంగ్లండులో ఇయన్ బౌస్టెడ్ పాలసీసా మీద ఇలాంటి లెక్కే చేశాడు, ఎక్కువగా శక్తి ఖర్చు గురించి. 1973లో చమురు సంక్షోభం రాగానే అలాంటి లెక్కలకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. 1974లో అమెరికా పర్యావరణ సంస్థ కోసం అదే మిడ్‌వెస్ట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తొమ్మిది రకాల పానీయ పాత్రలను పోల్చి నివేదిక ఇచ్చారు. ఇది బహిరంగంగా అచ్చయింది. పదిసార్లు తిరిగే గాజు సీసా మిగతావాటికంటే మెరుగని అందులో వచ్చింది. ఒకే సంస్థ, ఐదేళ్ల తేడా, చదివినవాళ్లకు అందిన సందేశాలు వేరు. ఎవరూ అబద్ధం చెప్పారని కాదు. సీసా ఎన్నిసార్లు తిరుగుతుంది అన్న ఒక్క అంకె దగ్గరే ఫలితం అటో ఇటో ఒరుగుతుంది.

ఆ అంకె సంగతి నాకు స్వయంగా తెలుసు. 1990ల చివర్లో నేనొక సీసాలు నింపే ప్లాంటులో పనిచేశాను. పేరు, ఏం నింపేవాళ్లం అన్నది వదిలేయండి. గాజు ఆపేసి ప్లాస్టిక్‌కు మారాలా అని పైవాళ్లు ఒక పోలిక తయారు చేయించారు. ప్లాంటు నుంచి వివరాలు పంపింది నేనే. మా రిజిస్టరు ప్రకారం నూరు సీసాలు బయటికి వెళ్తే తొంభై ఆరు తిరిగొచ్చేవి. విడతకు నూటికి నాలుగు పోతే ఒక సీసా సగటున ఎన్ని విడతలు తిరుగుతుంది? నూరును నాలుగుతో భాగించండి, ఇరవై ఐదు. మన లెక్కల మాస్టారైతే ఎనిమిదో తరగతి పిల్లవాడితో బోర్డు మీద చేయించేవారు. అచ్చయి వచ్చిన నివేదికలో మాత్రం ఎనిమిది అని ఉంది. వేరే రాష్ట్రంలోని ఏదో ప్లాంటు సగటు తీసుకున్నారట. ఎనిమిది దగ్గర ప్లాస్టిక్ గెలిచింది. ఇరవై ఐదు దగ్గర గెలిచేది కాదు. ఒక ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. రెండో ఉత్తరం రాయలేదు, అప్పటికి మా అమ్మాయి ఇంజనీరింగులో చేరింది. సీసాలు కడిగే సెక్షనులో ముప్పై మందికి పైగా ఆడవాళ్లుండేవారు, ఏడాది తిరక్కుండా ఆ సెక్షను మూసేశారు. వాళ్ల పని ఆ నివేదికలో ఏ పేజీలోనూ లేదు. అందులో వాళ్లు లీటరుకు ఇంత వేడినీరు, ఇంత కాస్టిక్ సోడా అన్న రెండు అంకెలుగా మాత్రమే ఉన్నారు.

అవతలి పక్షం కూడా చెప్పాలి. మా సరుకు రెండువందల కిలోమీటర్లు వెళ్లే ఊళ్లకు గాజు మంచిది కాదని నాకూ తెలుసు. బరువైన ఖాళీ సీసాలతో తిరిగొచ్చే లారీ తాగే డీజిలు తక్కువేం కాదు. దగ్గరి ఊళ్లకు గాజు, దూరానికి ప్లాస్టిక్ అని ఎవరైనా రాసుంటే నేను సంతకం పెట్టేవాణ్ణి.

ఇలాంటి గొడవలు అమెరికాలో బజారుకెక్కాయి. 1990 ప్రాంతంలో గుడ్డ డైపర్లా, పారేసే డైపర్లా అన్న వివాదంలో పారేసేవి తయారుచేసే కంపెనీ చేయించిన లెక్కలో అవే గెలిచాయి, గుడ్డవి ఉతికి ఇచ్చే వ్యాపారుల సంఘం చేయించిన లెక్కలో గుడ్డవే గెలిచాయి. చివరికి 1991లో పదకొండు రాష్ట్రాల అటార్నీ జనరళ్లు, ఒక ఉమ్మడి పద్ధతి కుదిరేదాకా ఈ లెక్కల్ని ప్రకటనల్లో వాడొద్దని ప్రకటన చేశారు.

పద్ధతి కుదిర్చే పని అప్పటికే మొదలైంది. 1990లో వెర్మాంట్‌లోని స్మగ్లర్స్ నాచ్ అనే చోట (దొంగ సరుకు రవాణా చేసేవాళ్ల కనుమ అని ఆ పేరుకు అర్థం, లెక్కలు సరిచేయడానికి భలే చోటు) సెటాక్ అనే శాస్త్రవేత్తల సంఘం కూర్చుంది. 1993లో వాళ్ల నియమావళి వచ్చింది. 1997లో ఐఎస్ఓ 14040 ప్రమాణం వచ్చింది. 2006లో దాన్ని సవరించి 14044తో జత చేశారు. మన భారతీయ ప్రమాణాల సంస్థ కూడా వాటినే స్వీకరించింది. అందులో నాకు నచ్చిన నియమాలు రెండు. ఒకటి, నా వస్తువు నీ వస్తువుకంటే మంచిదని జనానికి చెప్పుకోవాలంటే, సంబంధమున్న పక్షాలతో కూడిన సమీక్షకుల బృందం ఆ లెక్కను ముందే పరిశీలించాలి. రెండు, నీళ్ల కాలుష్యం, గాలి కాలుష్యం, వాతావరణం వీటన్నిటినీ మార్కుల్లా కలిపేసి ఒకే అంకెతో అలా చెప్పుకోకూడదు. మా నివేదిక కాలానికి ఈ నియమాలు పుట్టాయి గాని, లోపల వాడుకునే కాగితాలకు అవి వర్తించవు.

ప్రమాణం వచ్చాక కూడా అంకెలు కంగారు పెడుతూనే ఉన్నాయి. 2011లో ఇంగ్లండు పర్యావరణ సంస్థ ప్రచురించిన అధ్యయనంలో నూలు సంచీని 131 సార్లు వాడితేగాని వాతావరణం విషయంలో పలచని ప్లాస్టిక్ సంచీతో సమానం కాదని వచ్చింది. 2018లో డెన్మార్కు వాళ్లు అన్ని రకాల ప్రభావాలనూ లెక్కలోకి తీసుకుంటే మామూలు నూలు సంచీకి 7,100 సార్లు, సేంద్రియ నూలు సంచీకి 20,000 సార్లు అన్నారు. పత్రికలు పెద్ద అంకెను పట్టుకున్నాయి. వాతావరణం ఒక్కదానికే చూస్తే అదే అధ్యయనంలో ఆ అంకెలు 52, 149 అని ఎక్కువమంది రాయలేదు. డెన్మార్కులో వాడేసిన సంచీలు చాలావరకు బాయిలర్‌లో మండి కరెంటూ వేడీ అవుతాయి. మన దగ్గర అవి మురుగుకాలువలోనూ ఆవు కడుపులోనూ చేరతాయి. ఆ కడుపు ఈ లెక్కలో ఏ గడిలోకీ రాదు.

ఇప్పుడిది చదువుకున్నవాళ్ల వాదన స్థాయి దాటింది. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు లాంటివి ఐరోపాకు పంపితే, వాటి తయారీలో ఎంత కర్బనం వెలువడిందో చెప్పాలన్న నిబంధన 2023 అక్టోబరు 1న మొదలైంది, 2026 జనవరి 1 నుంచి దానికి డబ్బూ కట్టాలి. ఇది పూర్తి జీవితచక్ర మదింపు కాదు, అందులో ఒక ముక్క. అయినా మన తీరం నుంచి సరుకు ఎక్కించే ప్రతి కర్మాగారానికీ ఇక ఒక లెక్కలవాడు కావాలి. బడిలో ఇప్పుడు చదివే పిల్లలు వింటే బాగుండును.

ఇక గ్లాసుల సంగతి. కెనడాలో విక్టోరియా విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రవేత్త మార్టిన్ హాకింగ్ 1994లో కప్పుల శక్తి ఖర్చును పోల్చాడు. పింగాణీ కప్పును 39 సార్లు, గాజు గ్లాసును 15 సార్లు వాడితే పేపర్ కప్పుతో సమానమవుతాయని, థర్మోకోల్ లాంటి నురగ ప్లాస్టిక్ కప్పుతో సమానం కావాలంటే పింగాణీకి వెయ్యికి పైగా వాడకాలు కావాలని తేల్చాడు. కారణం వేడినీళ్లతో కడిగే యంత్రం. మన వంటవాళ్లు చన్నీళ్లతో, కొబ్బరిపీచుతో తోముతారు, ఆ యంత్రం మన లెక్కలో లేదు. పైగా మనం తెచ్చేవి షామియానా షాపు అద్దె గ్లాసులు, అవి ఇప్పటికే ఎన్ని పెళ్లిళ్లు చూశాయో. కొత్తగా తయారుచేయాల్సింది ఏమీ లేదు. పేపర్ గ్లాసుకు లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, ఒక్కసారికే. మొన్న మా పెరట్లో కొలిచి చూశాను. ఒక బకెట్టు నీళ్లతో ముప్పై గ్లాసులు శుభ్రంగా వచ్చాయి. ఆరువందల గ్లాసులు రెండుసార్లు కడిగితే నలభై బకెట్లు. బడి బావిలో నీళ్లున్నాయి.

కాబట్టి స్టీలు గ్లాసులే అని కార్యదర్శి గారికి ఫోనులో చెప్పాను, లెక్క కూడా చదివి వినిపించాను. ఒప్పుకున్నారు. కడగడానికి ఇద్దరు ఆడవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కావాలి. వాళ్లకు కూలి ఎంత ఇస్తారన్న వరుస ఒకటి బడ్జెట్టు కాగితంలో రాయమన్నాను. కోశాధికారి గారు ఇంకా తేల్చలేదు.