వంగినాయంట

తమిళనాట రాజపాళయం దగ్గరి తళవాయిపురం పేరులో ఒక సేనాని ఉన్నాడు. దళవాయి అంటే దళానికి పెద్ద. తమిళ లిపిలో త, ద లకు ఒకటే అక్షరం కాబట్టి మన రాతలో అది తళవాయి అయింది. మదుర నాయకుల కొలువులో ఈ పదవి చేసినవాళ్లలో అరియనాథ మొదలియారుకీ, తిరుమల నాయకుడి సేనలు నడిపిన రామప్పయ్యకీ పేరెక్కువ. ఇద్దరిలో ఎవరినో ఒకరిని పట్టుకొచ్చి ఊరికి తగిలించడం క్షణం పని. "రామప్పయ్య కట్టించిన ఊరట" అని టీకొట్టు దగ్గర ఎవరైనా అన్నారనుకోండి, తప్పేం లేదు. అదే ముక్క స్థలచరిత్రలోకి "రామప్పయ్య కట్టించిన ఊరు" అని ఎక్కిందా, చిక్కే. మధ్యలో జారిపోయింది ఒక్క "ట".

ఈ "అట" మీద మన వ్యాకరణాలు పెద్దగా ఆగినట్టు కనిపించదు. పాత రాతలో అరసున్నతో అఁట, నోటి మాటలో అంట. పోతన తన భాగవతం మొదట్లో, తాను పలికేదాన్నీ పలికించేవాణ్నీ కూడా దీనితోనే చెప్పుకున్నాడు. "వాన పడింది" అంటే నేను చూశాను. "వాన పడిందట" అంటే చూసినవాళ్లు వేరే ఉన్నారు. అబద్ధమని కాదు, నిజమనీ కాదు, నా పూచీ ఇంతవరకే అని. "నేను పుట్టిన రోజు ఒకటే వానట": ఇక్కడ సాక్షిగా నేనున్నా నా సాక్ష్యం చెల్లదు, అమ్మ చెప్పాలి. తమిళుడు "వందానామ్" అన్నా, కన్నడిగుడు "బందనంతె" అన్నా ఇదే పని. రాజపాళయం చుట్టుపక్కల ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనిషికి రెండు భాషలూ ఈ జాగ్రత్త నేర్పే పెట్టాయి.

శాస్త్రకారులు దీనికి ఐతిహ్యం అని పేరు పెట్టారు. "ఇతి హ", ఇలాగట, అన్న మాటల్లోంచి వచ్చింది. చెప్పినవాడెవరో తేలకుండా తరతరాలుగా వస్తున్న మాట అని న్యాయభాష్యంలో వాత్స్యాయనుడి లక్షణం. వాచస్పతి మిశ్రుడు చూపిన ఉదాహరణ ఇంకా బాగుంటుంది: ఈ మర్రిచెట్టు మీద యక్షుడున్నాడట. యక్షుడున్నాడా లేడా అన్న తగాదా ఆయన పెట్టుకోలేదు. చెప్పిందెవరో తెలియదు గనక అనుమానం తీరదన్నాడు. నమ్మదగినవాడు చెప్పాడని తేలితే అప్పుడు అది ఆప్తవాక్యం. జానపద కథలు సేకరించేవాళ్లు కొత్త సిద్ధాంతాలు వెతుక్కునే ముందు ఈ నాలుగు మాటలూ చదువుకుంటే బాగుండును.

ఈ కరిసల్ నేల మీద, అంటే మన నల్లరేగడి మీద, చెట్టు కథే ఒకటుంది. పాళెగాడు కట్టబొమ్మన పుట్టిన రాజకంబళం నాయకులది. ఒక తురక ప్రభువు వాళ్ల పిల్లనిమ్మన్నాడంట, వీళ్లు రాత్రికి రాత్రే కదిలారంట. దాటలేని ఏరు అడ్డొస్తే రెండు గట్ల మీది పుంగు చెట్లు, అంటే మన కానుగలు, వంగి వంతెనైనాయంట. 1909లో వచ్చిన థర్‌స్టన్, రంగాచారిల దక్షిణాది కులాల, తెగల ఏడు సంపుటాల్లో తొట్టియుల, అంటే ఈ నాయకుల, పద్దు కింద ఈ కథ ఉంది. చెట్లు వంగాయన్న ముక్క దగ్గర ఏ చదువరీ మోసపోడు, అక్కడ అట లేకపోయినా అదెలాగూ వినిపిస్తుంది. ప్రమాదం ముందరి వాక్యంలో ఉంది. తురక ప్రభువు పిల్లనడగడం జరగగల సంగతి. అందుకే అట రాలిపోవడం ఎవరికీ తెలియదు, కథ కాస్తా ఆరోపణ అయి పక్కవీధి మనిషి మీద పడుతుంది. విజయనగర సేనలు, పాళెగాళ్ల ఏర్పాటు, పత్తి పండే రేగడి మీద ఆశ, ఈ వలసకు ఇన్ని కారణాలున్నాయి. అవి కథకు పనికిరావు కాబట్టి అందులో ఉండవు.

ఈ అటని సరిగ్గా పట్టుకున్నది నా లెక్కన ఒక నవలాకారుడు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్. 1976 నాటి 'గోపల్ల గ్రామం'లో ఈ వలసను రచయిత తన నోట చెప్పడు. నూరేళ్లు దాటిన అవ్వ చెబుతుంది, ఇంటిల్లిపాదీ వింటారు. అవ్వ ఉన్నంతసేపూ కథకు పూచీ అవ్వదే.

అటకి ఇంకో ముఖం కూడా ఉంది, వెక్కిరింత. "పెద్ద పండితుడట!" అన్నప్పటిది. కొందరు పరిశోధకులు ఊరివాళ్ల కథను ఈ గొంతుతో రాస్తారు. అట పోగొట్టినవాళ్ల కంటే వీళ్లేం మెరుగు కాదు. చెప్పిన మనిషి "అంట" అన్నది నవ్వుకోవడానికి కాదు.

ఇలాంటి కథ రికార్డింగులోంచి కాగితం మీదికి దిగేటప్పుడు పని మరీ చిన్నది. "వంగినాయంట, దాటినారంట, మళ్లా లేసి నిలబడినాయంట" అని మనిషి చెబితే, మూడు అంటలు ఎందుకని సంపాదకుడు రెండు కొట్టేస్తాడు. కొట్టకూడదు. కొట్టేస్తే, దాటింది మనం చూసినట్టూ, వంగింది ఆ చెప్పిన మనిషి విన్నట్టూ తయారవుతుంది.