చౌక ఫోన్ల రెండో ఆయుష్షు

2011, 2012 ప్రాంతంలో చౌకలో ఆండ్రాయిడ్ ఫోన్ కొన్న తెలుగు పాఠకుడికి ఒక చిక్కు ఎదురయ్యేది. పత్రిక వెబ్‌సైట్ తెరిస్తే చాలా ఫోన్లలో అక్షరాలకు బదులు వరసగా డబ్బాలు కనిపించేవి. వాటిలో ఉండే ఆండ్రాయిడ్ 2.2, 2.3లకు తెలుగు రాదు. తెలిసినవాళ్లు ఒక చిట్కా చెప్పేవారు. ఒపెరా మినీ బ్రౌజర్ వేసుకుని, అడ్రస్ గడిలో ‘ఒపెరా:కాన్ఫిగ్’ అని కొట్టి, బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అని అడిగిన చోట ‘ఎస్’ పెట్టాలి. అప్పుడు అవతలి సర్వరే తెలుగును బొమ్మగా మార్చి పంపేది. అంతటితో ఆగనివాళ్లు ఫోన్‌ను రూట్ చేసి, అంటే దాని మీద సర్వాధికారాలు సంపాదించి, తెలుగు ఫాంటును సిస్టమ్ ఫోల్డర్‌లో పెట్టేవారు. డబ్బాలు పోయేవి గానీ, ఒత్తులు మాత్రం అక్షరాల కింద కుదురుకోక పక్కకు జారి కనిపించేవి.

గూగుల్ 2012లో ఆండ్రాయిడ్ 4.1తో తెలుగుకు సిస్టమ్‌లోనే చోటిచ్చింది. అయితే అప్పటికే జేబులో ఉన్న ఫోన్‌కు ఆ 4.1 వస్తుందా? కంపెనీ ఇవ్వకపోతే ఇంకెవరైనా ఇవ్వగలరా? పదివేల రూపాయల లోపు ఫోన్ల చరిత్రంతా ఈ రెండో ప్రశ్న చుట్టూ తిరిగింది. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, తెర ఎన్ని అంగుళాలు అన్నవి కొన్న రోజున చూసుకునే లెక్కలు. మూడేళ్ల తర్వాత ఆ ఫోన్ బతికి ఉంటుందో లేదో తేల్చినవి వేరే ఉన్నాయి: లోపలి చిప్ ఎవరిది, దాని సోర్స్ కోడ్ బయటికి వచ్చిందా, ఫోన్ ఆన్ కాగానే సాఫ్ట్‌వేర్‌ను లేపే బూట్‌లోడర్ తాళం తెరుచుకుంటుందా.

ఈ కథ మొదలైంది చౌక ఫోన్‌తో కాదు. 2008 అక్టోబరులో అమెరికాలో అమ్మకానికి వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్, హెచ్‌టీసీ చేసిన టీ-మొబైల్ జీ1తో మొదలైంది. పక్కకు జరిపితే కీబోర్డు బయటికొచ్చే ఫోన్ అది. కొద్ది వారాల్లోనే అందులో వింత లోపం ఒకటి దొరికింది. కీబోర్డు మీద ఏది కొట్టినా, ఆ మాట తెర వెనుక సర్వాధికారాలతో ఆదేశాలు అమలుచేసే షెల్‌కు కూడా చేరిపోయేది. చాటింగ్‌లో ‘రీబూట్’ అని టైపు చేస్తే ఫోన్ నిజంగానే రీబూట్ అయ్యేది! అదే కీబోర్డు మీద ‘టెల్‌నెట్‌డీ’ అని కొడితే ఫోన్‌లోకి దారి తెరుచుకునేది. గూగుల్ ఆ లోపాన్ని వెంటనే సరిచేసింది. అయితే ఆలోగానే జీసస్‌ఫ్రీక్ అనే పేరుతో పనిచేసిన ప్రోగ్రామర్ మార్చిన సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసి అందరికీ పంచిపెట్టాడు. ఆ పని మీదే సయానోజెన్ అనే పేరుతో స్టీవ్ కాండిక్ 2009లో తన రోమ్‌ను, అంటే ఫోన్‌లో ఎక్కించుకునే మార్చిన ఆండ్రాయిడ్‌ను, కట్టాడు. సయానోజెన్‌మాడ్ పుట్టుక అదే.

ఆ ఏడాది సెప్టెంబరులో కాండిక్‌కు గూగుల్ నుంచి నోటీసు వచ్చింది. జీమెయిల్, మ్యాప్స్, యూట్యూబ్, ఆండ్రాయిడ్ మార్కెట్ వంటి తన సొంత యాప్‌లను రోమ్‌లో కలిపి పంచడానికి వీల్లేదన్నది దాని సారాంశం. చివరికి ఆ యాప్‌లను రోమ్ నుంచి తీసేసి, వాడేవాళ్లే విడిగా వేసుకునే ఏర్పాటు కుదిరింది. కస్టమ్ రోమ్ ఒకటి, గూగుల్ యాప్‌ల మూట ఇంకొకటి అంటూ రెండు ఫైళ్లు ఒకదాని వెనుక ఒకటి ఫోన్‌లోకి ఎక్కించే, అంటే ఫ్లాష్ చేసే అలవాటు అక్కడి నుంచి వచ్చిందే.

మన మార్కెట్‌కు వచ్చేసరికి అసలు పరీక్ష ఎదురైంది. 2010లో వచ్చిన ఎల్‌జీ ఆప్టిమస్ వన్, 2011లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ వై రెండూ చిన్న ఫోన్లే. గెలాక్సీ వై ప్రాసెసర్ 832 మెగాహెర్ట్జ్, ఆప్టిమస్ వన్‌ది 600. కాగితం మీద చూస్తే గెలాక్సీదే పైచేయి. రోమ్‌ల దగ్గర మాత్రం లెక్క తలకిందులైంది. ఆప్టిమస్‌లో ఉన్నది క్వాల్‌కామ్ చిప్, గెలాక్సీ వైలో ఉన్నది బ్రాడ్‌కామ్ చిప్. క్వాల్‌కామ్ తన చిప్‌లకు సరిపడే ఆండ్రాయిడ్ కోడ్‌ను కోడ్ అరోరా ఫోరం ద్వారా బహిరంగంగా పెట్టేది. దాంతో ఆప్టిమస్ వన్‌కు సయానోజెన్‌మాడ్ 7 అధికారికంగానే దొరికింది. గెలాక్సీ వైకి ఆండ్రాయిడ్ అడుగున నడిచే కెర్నల్ సోర్స్ వచ్చినా గ్రాఫిక్స్, కెమెరా వంటి భాగాల డ్రైవర్లు మూతపడే ఉన్నాయి. ఔత్సాహికులు ఎంత కష్టపడినా, రోమ్ ఎక్కాక ఏదో ఒకటి పనిచేయకుండా మిగిలేది.

ఆ వెంటనే మైక్రోమ్యాక్స్ కాలం వచ్చింది. 2012లో కాన్వాస్ 2, 2013 ఫిబ్రవరిలో కాన్వాస్ హెచ్‌డీ మార్కెట్‌ను ఊపేశాయి. పెద్ద తెర, రెండు సిమ్‌లు, మధ్యతరగతికి అందే ధర. లోపల మీడియాటెక్ చిప్. ఆండ్రాయిడ్ అడుగున ఉన్న లైనక్స్ కెర్నల్‌ది జీపీఎల్ లైసెన్సు. దాన్ని మార్చి అమ్మిన కంపెనీ, ఆ మార్పుల సోర్స్‌ను అడిగినవాళ్లకు ఇచ్చి తీరాలి. మీడియాటెక్ చిప్‌లతో ఫోన్లు అమ్మిన చిన్న కంపెనీలు చాలావరకు ఈ షరతును పట్టించుకోలేదు. సోర్స్ లేకపోతే రోమ్ చేసేవాడి చేతిలో ఇంటి ప్లాను లేకుండా గోడలో కరెంటు తీగ వెతికే మేస్త్రీకి ఉన్న ఆధారమే ఉంటుంది. లక్షల సంఖ్యలో అమ్ముడుపోయిన ఫోన్లు, కొన్న రోజు ఉన్న ఆండ్రాయిడ్‌తోనో ఒక్క అప్‌డేట్‌తోనో మూలపడ్డాయి.

2014 ఈ చరిత్రలో కీలకమైన ఏడాది. ఫిబ్రవరిలో ఫ్లిప్‌కార్ట్ ద్వారా మోటో జీ 12,499 రూపాయలకు వచ్చింది. మే నెలలో మోటో ఈ 6,999కి వచ్చింది. రెండింటిలోనూ క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ చిప్‌లే. బూట్‌లోడర్ తెరిచే కోడ్‌ను కంపెనీయే తన వెబ్‌సైట్‌లో ఇచ్చేది. సెప్టెంబరు 15న ఢిల్లీలో సుందర్ పిచాయ్ ఆండ్రాయిడ్ వన్‌ను ప్రారంభించారు. మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ కంపెనీల పేర్లతో 6,399 రూపాయల నుంచి మూడు ఫోన్లు వచ్చాయి. చిప్ మీడియాటెక్‌దే అయినా, గూగుల్ పూనుకోవడంతో కెర్నల్ సోర్స్ బయటికొచ్చింది. అదే రకం చిప్ ఉన్న వేరే ఫోన్లకు దొరకని సయానోజెన్‌మాడ్ ఈ మూడింటికీ దొరికింది. అడ్డు చిప్‌లో లేదు, తలుపు మూసిన పద్ధతిలో ఉందని దాంతో రుజువైంది.

అదే ఏడాది డిసెంబరులో రెండు కేసుల్లో ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వులు వెలువడ్డాయి. ఎరిక్సన్ పేటెంట్ల కేసులో షావోమి అమ్మకాలను ఆపిన కోర్టు, కొద్ది రోజులకే క్వాల్‌కామ్ చిప్ ఉన్న ఫోన్లకు మాత్రం షరతులతో అనుమతి ఇచ్చింది. పేటెంట్ల తగాదాలో వచ్చిన ఆ మినహాయింపు వల్ల కొంతకాలం మన దేశంలో షావోమి రెడ్‌మీ అంటే స్నాప్‌డ్రాగన్ ఫోనే. రోమ్‌లు వాడేవాళ్లకు అది అయాచితంగా కలిసొచ్చింది. రెండో కేసు సయానోజెన్ పేరు మీదే వచ్చింది. కాండిక్ బృందం అప్పటికి సయానోజెన్ ఇంక్ అనే కంపెనీగా మారి, భారత్‌లో తన పేరు వాడే హక్కును మైక్రోమ్యాక్స్‌కు ప్రత్యేకంగా రాసిచ్చింది. ఆ ఒప్పందం చూపి మైక్రోమ్యాక్స్ కోర్టుకెక్కడంతో, సయానోజెన్ సాఫ్ట్‌వేర్‌తోనే వస్తున్న వన్‌ప్లస్ వన్ ఫోన్ అమ్మకాలు కొన్నాళ్లు ఆగాయి. మైక్రోమ్యాక్స్ తన యూ బ్రాండ్ కింద యురేకాను 2015 జనవరిలో 8,999 రూపాయలకు అమెజాన్‌లో పెట్టింది. రూట్ చేసినా వారంటీ పోదని ప్రకటించింది. కస్టమ్ రోమ్ అన్న మాట ఫోన్ ప్రకటనల్లోకి ఎక్కిన రోజులవి.

ఆంధ్రప్రదేశ్‌కు ఈ కథలో నేరుగా భాగం ఉంది. 2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో రెడ్‌మీ 2 ప్రైమ్ విడుదలైంది. ధర 6,999. షావోమి భారత్‌లో తయారుచేయించిన మొదటి ఫోన్ అది. అప్పటి చిత్తూరు జిల్లాలో, ఇప్పటి తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో బిగించారు. లోపల స్నాప్‌డ్రాగన్ 410 చిప్, ఆండ్రాయిడ్ 4.4. కంపెనీ దృష్టి కొత్త మోడళ్ల మీదికి మళ్లాక కూడా ఆ ఫోన్ ఆగిపోలేదు. సయానోజెన్‌మాడ్ వారసుడైన లీనియేజ్‌ఓఎస్ దానికి ఆండ్రాయిడ్ 7.1ను అందించింది. పదేళ్లు నడిచే ఫోన్ కావాలన్న పట్టుదలతో 2017లో పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అనే ప్రాజెక్టు మొదలైంది. ఆండ్రాయిడ్‌నే పక్కనపెట్టి ఫోన్ మీద అసలైన లైనక్స్ నడపడం దాని పని. ఆ ప్రాజెక్టు బాగా నడిపించిన ఫోన్ల జాబితాలో రెడ్‌మీ 2 కూడా ఉంది. శ్రీసిటీలో బిగించిన ఏడువేల రూపాయల ఫోన్‌కు ప్రపంచంలో ఎక్కడెక్కడి ప్రోగ్రామర్లో ఆయుష్షు పోశారన్నమాట.

పేరు చూసి ఫోన్ కొంటే మోసపోయే ప్రమాదం కూడా ఆ కాలంలోనే బయటపడింది. రెడ్‌మీ నోట్ 3 మొదట చైనాలో మీడియాటెక్ చిప్‌తో వచ్చింది. 2016 మార్చిలో మన దేశానికి వచ్చింది మాత్రం స్నాప్‌డ్రాగన్ 650తో. నోట్ 4 కూడా అంతే. చైనాలో మీడియాటెక్ హీలియో, 2017 జనవరిలో మనకు స్నాప్‌డ్రాగన్ 625. అందుకే రోమ్‌ల లోకంలో అట్ట మీది పేరుకు విలువ లేదు, కోడ్‌నేమ్‌దే మాట. మన నోట్ 3 ‘కెంజో’, మన నోట్ 4 ‘మీడో’. ఈ మీడో 9,999 రూపాయల నుంచి అమ్ముడై, ఆ ఏడాది ఊరూరా కనిపించింది. కంపెనీ దాన్ని ఆండ్రాయిడ్ 7 దగ్గరే వదిలేసింది. రోమ్‌లు చేసేవాళ్లు ఆండ్రాయిడ్ 8 నుంచి 11 వరకు, ఆ పైన కూడా తీసుకెళ్లారు. ఒక ఫోన్ ఎక్కువమంది చేతుల్లో ఉంటే దాన్ని బాగుచేసే చేతులు కూడా ఎక్కువే ఉంటాయన్నది మీడో నేర్పిన పాఠం.

అప్పటికే తాళాలు మొదలయ్యాయి. మధ్యలో దుకాణదారులు ఫోన్లలో నకిలీ సాఫ్ట్‌వేర్ ఎక్కించి అమ్ముతున్నారని చెప్పి, షావోమి 2016 నాటికి బూట్‌లోడర్ మూసేసింది. తెరవాలంటే కంపెనీకి అర్జీ పెట్టుకోవాలి. ఆ తంతు తెలియని మీడో యజమాని ఉండడు. ఫోన్ ఆపి, పవర్ బటన్‌ను, వాల్యూమ్ తగ్గించే బటన్‌ను కలిపి నొక్కి పట్టాలి. ఫాస్ట్‌బూట్ బొమ్మ రాగానే కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించాలి. అన్‌లాక్ టూల్‌లో అంకె మెల్లగా 99 శాతం దాకా వెళ్లి, 72 గంటల తర్వాత రమ్మని చెప్పి ఆగిపోయేది. మూడు రోజులు ఓపిక పట్టి మళ్లీ మొదటి నుంచి చేస్తే తప్ప పని పూర్తయ్యేది కాదు. ఫోన్‌లో ఉన్న ఫొటోలు, నంబర్లు అన్నీ ఆ దెబ్బకు చెరిగిపోయేవి.

2016 చివర్లో సయానోజెన్ ఇంక్ తన రోమ్ సేవలను ఆపేస్తున్నట్టు ప్రకటించింది. డిసెంబరు 24న అదే కోడ్ లీనియేజ్‌ఓఎస్ పేరుతో మళ్లీ నిలబడింది. ఆ ఏడాది సెప్టెంబరు 5న వచ్చిన జియో ఇంకో చిక్కు తెచ్చింది. దాని కాల్స్ అన్నీ 4జీ డేటా మీదే మాట మోసే వోల్టీతోనే. ఆ భాగం కోడ్ చిప్ కంపెనీల సొత్తు కాబట్టి, కొత్త రోమ్ వచ్చిందంటే అందరూ మొదట అడిగిన మాట ‘వోల్టీ పనిచేస్తుందా?’ అన్నదే. 2017లో ఆండ్రాయిడ్ 8తో గూగుల్ తెచ్చిన ప్రాజెక్ట్ ట్రెబుల్ కొంత ఊరటనిచ్చింది. చిప్‌కు సంబంధించిన భాగాన్ని విడిగా ఉంచడంతో, ఒకే రోమ్‌ను రకరకాల ఫోన్ల మీద నడిపే వీలు కలిగింది. 2018 ఏప్రిల్‌లో 10,999 రూపాయలకు వచ్చిన ఆసుస్ జెన్‌ఫోన్ మ్యాక్స్ ప్రో ఎం1 రోమ్ ప్రియుల అభిమాన ఫోనైంది. తాళం తీసే టూల్‌ను కంపెనీయే ఇచ్చింది, కెర్నల్ సోర్స్ కూడా ఇచ్చింది.

తర్వాతి కాలమంతా తలుపులు మూసుకున్న కాలమే. హువావే 2018లో అన్‌లాక్ కోడ్‌లు ఇవ్వడం మానేసింది. అవకాశం ఇచ్చిన ఆసుస్ తర్వాత ఆ టూల్‌ను వెనక్కి తీసుకుంది. తన కొత్త సాఫ్ట్‌వేర్ హైపర్‌ఓఎస్ వచ్చాక షావోమి షరతులు ఇంకా బిగించింది. వీటన్నిటికంటే పెద్ద అడ్డు యూపీఐ రూపంలో వచ్చింది. కిరాణా కొట్టు నుంచి ఆటో దాకా ఫోన్‌తోనే డబ్బు కట్టే రోజుల్లో, బూట్‌లోడర్ తెరిచిన ఫోన్‌ను కొన్ని బ్యాంకు యాప్‌లు నమ్మవు. తాళం తెరిచిన సంగతిని యాప్‌ల నుంచి దాచే మ్యాజిస్క్ వంటి ఉపాయాలతో కొన్నేళ్లు నెట్టుకొచ్చినా, చిప్‌లోనే తాళం స్థితిని పరీక్షించే పద్ధతి వచ్చాక ఆ దారి ఇరుకైంది.

ఈ పదిహేనేళ్ల చరిత్ర ఫోన్ కొనబోయేవారికి ఇచ్చే సలహా సూటిగానే ఉంది. ముందు మోడల్ కోడ్‌నేమ్ తెలుసుకోవాలి. దానికి లీనియేజ్‌ఓఎస్ అధికారిక మద్దతు ఉందో లేదో చూడాలి. తాళం తీయడానికి కంపెనీ ఇప్పుడు ఒప్పుకుంటోందో లేదో వాకబు చేయాలి. కెర్నల్ సోర్స్ పెట్టిందా అని వెతకాలి. విడుదలైన మొదటి వారంలో కాకుండా ఆరు నెలలు ఆగి కొంటే, ఆ ఫోన్ చుట్టూ పనిచేసేవాళ్లు చేరారో లేదో తేలిపోతుంది. డబ్బు లావాదేవీలకు ఆ ఒక్క ఫోనే దిక్కయితే మాత్రం, తాళం తీసే ముందు తమ బ్యాంకు యాప్ సంగతి కనుక్కోవాలి.

కొనేవాడి జాగ్రత్త ఒక్కటే సరిపోదు. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధన ప్రకారం, ఒక మోడల్ అమ్మకాలు ఆపేసిన తర్వాత కూడా కనీసం 5 ఏళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు అందుబాటులో ఉండాలి. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసినప్పుడు, అది చూడాల్సిన రంగాల్లో మొబైల్ ఫోన్లను కూడా చేర్చింది. ఆ హక్కు స్క్రీన్, బ్యాటరీ మార్చుకోవడంతో ఆగిపోకూడదు. అప్‌డేట్లు ఆపేసిన రోజునే కంపెనీ బూట్‌లోడర్ తాళాన్ని, కెర్నల్ సోర్స్‌ను ఫోన్ యజమానికి అప్పగించాలని నిబంధనలో రాయాలి. కష్టార్జితంతో ఏడెనిమిది వేలు పెట్టి ఫోన్ కొన్నవారి తరఫున ప్రభుత్వాన్ని అడగవలసిన కనీస కోరిక ఇది.