కీపర్ టెస్ట్

ఎదుగుతున్న సంస్థకు ఒక ఉద్యోగి ఇంకా సరిపోతున్నట్టా కాదా అని తేల్చుకోవడానికి మేనేజరు తనకు తానే వేసుకునే ప్రశ్న కీపర్ టెస్ట్. దీని పుట్టిల్లు అమెరికాలోని నెట్‌ఫ్లిక్స్. ఫలానా మనిషి వేరేచోట ఇలాంటి ఉద్యోగమే దొరికిందని వెళ్లిపోతానంటే, ఆపడానికి పట్టుబడతామా? పట్టుబడమని తేలితే, మంచి పరిహారం ఇచ్చి ఇప్పుడే సాగనంపడం మేలని ఆ సంస్థ సిద్ధాంతం. 2009లో ఆ సంస్థ సీఈఓ రీడ్ హేస్టింగ్స్, మానవ వనరుల అధిపతి ప్యాటీ మెకార్డ్ బయటపెట్టిన స్లైడ్లతో ఇది సిలికాన్ వ్యాలీ అంతా పాకింది.

2001లో డాట్‌కామ్ కంపెనీలు కుప్పకూలినప్పుడు, అప్పట్లో సినిమా డీవీడీలు అద్దెకిచ్చే, 120 మంది ఉన్న నెట్‌ఫ్లిక్స్ మూడో వంతు మందిని తీసేసింది. ఆ క్రిస్మస్‌కి డీవీడీ ప్లేయర్లు తెగ అమ్ముడై పని అమాంతం పెరిగింది. చేతికింది ముగ్గురినీ పోగొట్టుకున్న ఒక ఇంజినీరు, పొద్దుపోయేదాకా పనిచేస్తూ కూడా ఇదే హాయిగా ఉందన్నాడట. వాళ్ల తప్పులు దిద్దే చాకిరీ తప్పింది మరి.

పని రానివాళ్లను పోల్చుకోవడానికి పరీక్షలు అక్కర్లేదు. చిక్కంతా పని బాగా చేసేవాళ్లతోనే. మెకార్డ్ 2014లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక పద్దుల ఉద్యోగిని గురించి రాశారు. ఏ సినిమా ఎన్నిసార్లు అద్దెకు పోయిందో పక్కాగా లెక్కగట్టి, రాయల్టీలు సరిగ్గా చెల్లించే పద్ధతి తయారుచేసింది ఆమే. 2002లో కంపెనీ షేర్లు మార్కెట్‌కి వచ్చాయి. దాంతో, లిస్టెడ్ కంపెనీ లెక్కల్లో ఆరితేరిన అకౌంటెంట్లు కావాల్సి వచ్చారు. ఆమె చదువు కమ్యూనిటీ కాలేజీ డిగ్రీతో ఆగింది. కష్టం ఎప్పటిలాగే పడుతోంది. పనే ఆమెను దాటిపోయింది. ఆమె కోసం ఏదో ఒక పోస్టు సృష్టించకుండా, మెకార్డ్ కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పి, భారీ పరిహారంతో పంపించారు.

ఇలాంటి ఎడం లెక్కల్లో కంటే ముందు ఆఫీసు నడవడికలో కనిపిస్తుంది. కొత్త పనులు పాతకాపు బల్ల మీదికి రాకుండా పక్కవాళ్లకు మళ్లుతుంటాయి. మీటింగుకు పిలవడం మర్చిపోతారు. హోదా అలాగే ఉంటుంది, అడిగేవాళ్లుండరు. ఆ మనిషికి ఎవరూ ఏమీ చెప్పరు. నిజానికి, కొలువు పోవడంకంటే ఈ మౌనమే క్రూరం.

ఏరు దాటాక తెప్ప తగలేయడమే ఇదంతా అనేవాళ్లకూ కారణాలున్నాయి. రోజూ తూకంలో ఉన్నామన్న భయం పనికి మంచిది కాదు. పైగా, కారణం చూపకుండానే ఉద్యోగిని తీసేయడానికి సాధారణంగా వీలిచ్చే అమెరికా చట్టాల నీడలో పెరిగిన పద్ధతి ఇది. అన్ని దేశాల్లో అంత తేలిగ్గా చెల్లదు.

పేరు పుట్టకముందే ఈ పరీక్షకు నిలబడినవాడు ఒక వ్యవస్థాపకుడే. నెట్‌ఫ్లిక్స్ తొలి సీఈఓ మార్క్ రాండాల్ఫ్ ముందు హేస్టింగ్స్ ల్యాప్‌టాప్ తెరిచి, నాయకుడిగా ఆయన లోపాలను స్లైడ్లలో చూపించారు. రాండాల్ఫ్ సీఈఓ కుర్చీ హేస్టింగ్స్‌కు వదిలి ప్రెసిడెంటుగా కొనసాగారు. ఆ సంగతి 2019లో తన పుస్తకంలో ఆయనే రాసుకున్నారు.