పాఠశాలయు, తెలుగు నాటకప్రయోగమును

హైదరాబాదు నగరమున జూబిలీహిల్సు, ఫిలింనగరు ప్రాంతములు నేడు తెలుగు చలనచిత్రములకు నిలయములుగా ప్రసిద్ధి చెందియున్నవి. చిత్రనిర్మాణము మదరాసునుండి క్రమముగా తరలివచ్చుటయు, 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణా స్టూడియోను ప్రారంభించుటయు లోకవిదితములు. పాఠశాలలలో బాలురు ఆడు నాటకము ఈ చలనచిత్రమునకు నీడవంటిదని పలువురు తలంతురు. చరిత్రమును పరిశీలించినచో విషయము వేఱుగా కనబడును. తెలుగున ఆధునిక నాటకప్రయోగము విద్యార్థులతోనే మొదలైనది. ఆ సంగతిని, ఊరూర తిరిగి బోధించు ప్రదర్శనములకు దానివలన తెలియవచ్చు ప్రయోగసూత్రమును నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

సంచారప్రదర్శనములు మనకు క్రొత్తవి కావు. యక్షగానము, వీథినాటకము, తోలుబొమ్మలాట ఎంతోకాలముగా గ్రామములను రంజింపజేయుచుండెను. కాని సంస్కృతరూపకముల ననుసరించిన నాటకరచన తెలుగున మిక్కిలి ఆలస్యముగా మొదలయ్యెను. 1860 ప్రాంతమున కోరాడ రామచంద్రశాస్త్రిగారు రచించిన ‘మంజరీమధుకరీయము’ తొలి స్వతంత్రనాటకముగా పరిగణింపబడుచున్నను, రంగమెక్కిన ఖ్యాతి దానికి దక్కలేదు. గ్రంథమొక దెసను, ప్రయోగమొక దెసను ఉండెను. ఈ రెంటిని కలిపినవారు ఒక తెలుగు పండితులు.

1880లో ధార్వాడ నాటకసమాజమువారు రాజమహేంద్రవరమునకు వచ్చి, తమ నాటకములాడి వెడలిపోయిరి. వారు విడిచిన నాటకశాలయందే కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులచేత నాటకము లాడించిరి. అప్పటికి వారు ముప్పదిరెండేండ్లవారు, ‘వివేకవర్ధని’ పత్రికాధిపతులు. ఆడించినవి మూడు: న్యాయస్థానములలోని అక్రమములను వెల్లడించు ‘వ్యవహారధర్మబోధిని’, హర్షుని నాటికకు తెలుగైన ‘రత్నావళి’, షేక్స్పియరుని ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ ననుసరించిన ‘చమత్కారరత్నావళి’.

ఇందు గమనింపదగిన అంశములు మూడు. మొదటిది రంగము. అది స్వంతమైనది కాదు, ఇతరులు విడిచిపోయినది. ఉన్న తావును ఉపయోగించుకొనుట సంచారప్రయోగమునకు మొదటి పాఠము. రెండవది నటవర్గము. వారు వృత్తినటులు కారు. నిత్యము గురువునెదుట పాఠము నొప్పగించు బాలురు. వల్లించుటయు, స్ఫుటముగా నుచ్చరించుటయు తరగతియందే అలవడినవారికి సంభాషణములు నేర్పుట సులభమైయుండునని ఊహింపవచ్చును. మూడవది భాష. ‘వ్యవహారధర్మబోధిని’ వాడుకమాటలలో నడచినది. ప్లీడరును, కక్షిదారును ప్రేక్షకులు దినదినము చూచుచున్నవారే. వారినోట గ్రంథభాషను పలికించినచో హాస్యమును, బోధయు రెండును చెడును. గ్రాంథికమున ‘విగ్రహము’ వ్రాసిన పంతులుగారే 1919లో వర్తమానవ్యావహారికాంధ్రభాషాప్రవర్తక సమాజమునకు అధ్యక్షులైరి. ఆ మార్పునకు కారణములు పెక్కులు కావచ్చును. రంగస్థలమును వానిలో నొకటియని నాకు తోచుచున్నది.

గురుశిష్యుల యీ నాటకసంబంధము అంతటితో నాగలేదు. ఒంగోలున ఉపాధ్యాయులైన ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారు నాటకాభిమానులు. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు నాటకములు వ్రాయుటకు వారి ప్రోత్సాహమే కారణము. నాయుడుగారు తమ శిష్యుడైన టంగుటూరి ప్రకాశమును రాజమహేంద్రవరమునకు తోడ్కొనిపోయి చదివించిరి, నాటకములలో వేషములు వేయించిరి. ‘గయోపాఖ్యానము’న అర్జునుడైన ఆ బాలుడే 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రియయ్యెను. ధ్వనివర్ధకయంత్రములు లేని కాలమున కడపటి వరుసవానికి మాట వినబడునట్లు పలుకుట నటునకు ప్రథమధర్మము. ఆ శిక్షణము న్యాయవాదికిని, సభావక్తకును ఎంత ఉపకరించునో చెప్పనక్కఱలేదు.

ఇందులకు భిన్నమైన మార్గము సురభివారిది. 1885లో కడపమండలమునందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు ‘కీచకవధ’ నాడించిరి. నాటినుండి కుటుంబమే సమాజమై, స్త్రీపాత్రలను స్త్రీలే ధరించుచు వారు దేశమంతయు తిరిగిరి. చిత్రించిన తెరలు, గగనమున ఢీకొను బాణములు, తీగెలమీద దిగివచ్చు నారదుడు వారి ప్రత్యేకతలు. వారి సంతతివారు నేటికిని హైదరాబాదు లింగంపల్లి ప్రాంతమున వసించుచున్నారు. వారి అద్భుతములు బాలుర హృదయములను హరించుననుట నిజము. కాని వానికి బరువు గలదు. తెరలు, చట్రములు, తీగెలు మోసికొని పోయి, ఒక పూట పాఠశాలలో ఆడి, మఱునాడు వేఱొక పాఠశాలకు పోవుట దుష్కరము.

తేలికమార్గమునకు ఉత్తమోదాహరణము బుఱ్ఱకథ. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి దీనిని బోధనసాధనముగా మలచినది. షేక్ నాజరుగారు దానికి నూతనతేజము కల్పించిరి. తంబుర ధరించిన కథకుడు నడుమ నిలుచును. ఒక వంత రాజకీయము చెప్పును. వేఱొక వంత హాస్యమాడును. హాస్యపు వంత ప్రేక్షకుల సందేహములనే తానడుగును. కథకుడు సమాధానము చెప్పును. ఇది ప్రశ్నోత్తరరూపమైన గురుశిష్యసంవాదమే గాని వేఱు కాదు. తంబురయు, డక్కీలును భుజముమీద మోయదగినవి. అరుగైనను, చెట్టునీడయైనను రంగమే.

ఈ రంగస్థలమునుండియే చలనచిత్రము తన నటులను గ్రహించినది. నాగేశ్వరరావుగారు బాల్యమున స్త్రీపాత్రలు ధరించి పేరొందినవారు. విశ్వనాథ సత్యనారాయణగారు విజయవాడ కళాశాలలో ఆచార్యులై యుండగా నందమూరి తారకరామారావుగారు నాయకురాలు నాగమ్మ వేషము ధరించిరి. మీసము తీయుట కంగీకరింపక ‘మీసాల నాగమ్మ’ యనిపించుకొనిరి. ప్రజానాట్యమండలికి చెందిన గరికపాటి రాజారావుగారు 1953లో ‘పుట్టిల్లు’ చిత్రమునకు దర్శకులై జమునను, అల్లు రామలింగయ్యను వెండితెరకు పరిచయము చేసిరి.

చలనచిత్రము వ్యాపించిన పిమ్మట పాఠశాలా నాటకమెందులకని యడుగువారుందురు. చిత్రము చూచిన బాలుడు ప్రేక్షకుడగును. నాటకమాడిన బాలుడు వక్తయగును. ఈ భేదము చిన్నది కాదు. వార్షికోత్సవములలో సినిమాపాటకు నృత్యము చేయించుట నేడు పరిపాటియైనది. అందు పాట యంత్రమునుండి వచ్చును. బాలుడు నోరు విప్పడు. వీరేశలింగము పంతులుగారు కోరినది ఆ నోటి మాటయే.

స్వల్పనటవర్గము, భుజమున మోయదగిన పరికరము, వినువారి పలుకుబడి, సందేహము నడుగు నొక హాస్యపాత్ర—ఈ నాలుగును చేకూరినచో ఊరూర పాఠశాలలకు నాటకము పోగలదు. దీనికి ఫిలింనగరు ధనమక్కఱలేదు. 1880లో నున్నట్లే, విడిచిన పాకయు, శిష్యులను ప్రేమించు పండితుడును చాలును.