అంగుళం కొవ్వొత్తి

'వేలంవెర్రి' అన్న మాటకు ముప్పయ్యేళ్ళపాటు పిల్లలకు అర్థం చెప్పినవాణ్ణి. అది నాకు బోధపడింది మాత్రం ఉద్యోగ విరమణానంతరం, నడిసముద్రంలో!

17వ శతాబ్దపు లండనులో కొవ్వొత్తి వేలం ఉండేది. అంగుళం కొవ్వొత్తి వెలిగించి, అది కొండెక్కేలోగా చివరి పాట ఎవరిదైతే సరుకు వారికి ఇచ్చేవారు. నౌకాదళ కార్యాలయంలో ఉద్యోగియైన శామ్యూల్ పీప్స్, 1662 సెప్టెంబరు 3 నాటి దినచర్యలో పాత ఓడల వేలాన్ని వర్ణించాడు. మొదట ఎవ్వరూ నోరు మెదపరు. దీపం ఆరబోయే వేళకు అందరూ ఒక్కపెట్టున అరుస్తారు. ఒక్కడు మాత్రం తప్పకుండా గెలుస్తున్నాడు. కారణమడిగితే, ఆరే క్షణాన పొగ కిందికి దిగుతుందనీ, అది చూసి పాడతాననీ చెప్పాడట!

ఆనాడు ఓడలను వేలం వేశారు. ఈనాడు ఓడలమీదనే వేలం వేస్తున్నారు. 1990ల నుండి విహారనౌకలలో చిత్రాల వేలం పెద్ద వ్యాపారమైంది. ఉచితంగా షాంపేను పోస్తారు. తీరికగా ఉన్నవారిని కూర్చోబెట్టి ఉత్సాహపరుస్తారు. పక్క దుకాణంలో ధర విచారిద్దామంటే చుట్టూ సముద్రమే. పైగా వెల కట్టేదీ, ధ్రువపత్రమిచ్చేదీ, అమ్మేదీ తరచు ఒక్కరే. అమ్మకానికి పెట్టేవాటిలో అధికభాగం మూలచిత్రాలు కావు, వందలకొద్దీ తీసిన ముద్రణ ప్రతులు.

సంతకముంది కదా అందామా? సాల్వడార్ డాలీ ఉత్త కాగితాలపైననే వేలకొద్దీ సంతకాలు చేశాడు. 1974లో అటువంటివి దాదాపు 40,000 కాగితాలు ఫ్రాన్సు, అండోరా సరిహద్దులో ఒక బండిలో పట్టుబడ్డాయి.

ఇవన్నీ నేను తరువాత చదివి తెలుసుకున్నవి. మా అబ్బాయి మమ్మల్ని ఓడ ఎక్కించిననాడు నాకేమీ తెలియదు. షాంపేను ముట్టలేదు గానీ, వారి మర్యాదకే మత్తెక్కింది. చేయెత్తాను. 600 డాలర్లు. "మనవరాలి పెళ్ళినాటికి ఆస్తి అవుతుందిరా" అన్నాను. సొమ్ము వాడిది. ఒడ్డు చేరి విచారిస్తే అటువంటి ప్రతే 200కు దొరుకుతోంది. వాడు నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ చిత్రం మా ముందుగదిలోనే ఉంది. నిరుడు మనవరాలు "ఇదెంత తాతయ్యా?" అని అడిగితే రెండు ధరలూ చెప్పాను. పీప్స్ కథా చెప్పాను. పొగను చూసినవాడు గెలిచాడు, మీ తాత దీపాన్నే చూస్తూ కూర్చున్నాడమ్మా అన్నాను.